ఇద్దరు ఒక్కడైతే: ఆటలో మల్టీక్లాస్, వ్యాకరణంలో సమాసం



సమాసాల పాఠం అనగానే మీ ముఖాలు వాడిపోతాయని మాకు తెలుసు. అందుకే ఈసారి ఆ పాఠాన్ని ఒక ఆటతో కలిపి చెబుతాం. పెద్ద తరగతుల వాళ్లలో కొందరు బల్ల చుట్టూ కూర్చుని, రకరకాల ముఖాలున్న పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ ఆడే ఆట ఒకటుంది. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. ఆ ఆట ఆడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది: ఒకే వీరుడు కత్తీ తిప్పాలి, మంత్రమూ వేయాలి. రెండు విద్యల్నీ చెరి సగం నేర్పిస్తే సరిపోతుందా?

చాలాసార్లు సరిపోదు. ఎందుకు సరిపోదో, ఏం చేస్తే సరిపోతుందో లెక్క వేసి చూద్దాం. ఆట తెలియనివాళ్ల కోసం మొదటినుంచీ చెబుతాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

1. ఆట సంగతి

ఈ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. తయారుచేసినవాళ్లు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఆడేవాళ్లలో ఒకరు కథ నడుపుతారు. ఆయన్ను డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్లు తలా ఒక వీరుణ్ణి తయారుచేసుకుని ఆ కథలో నడుస్తారు. గుహలు, రాక్షసులు, నిధులు, శాపాలు అన్నీ మాటల్లోనే. మన చందమామ కథల్లో రాకుమారుడి స్థానంలో మనమే ఉండి, తర్వాత ఏం చేయాలో మనమే చెప్పినట్టు.

ప్రతి వీరుడికీ ఒక క్లాస్ ఉంటుంది. ఇక్కడ క్లాస్ అంటే తరగతి కాదు, అతని విద్య. ఫైటర్ అంటే ఆయుధాల వీరుడు. విజర్డ్ అంటే చదివి మంత్రాలు నేర్చినవాడు. పాలడిన్ ప్రతిజ్ఞ పట్టిన యోధుడు. సోర్సరర్‌కి మంత్రశక్తి పుట్టుకతో వస్తుంది. 2014లో వచ్చిన ఐదో కూర్పు ఆటగాళ్ల పుస్తకంలో ఇలాంటి క్లాసులు 12 ఉన్నాయి. సాహసాలు చేసేకొద్దీ అనుభవ పాయింట్లు వస్తాయి, వాటితో లెవెల్ పెరుగుతుంది. ఒకటో లెవెల్‌తో మొదలై 20తో ఆగిపోతుంది. ఆ 20 లెవెళ్లనూ ఒకే విద్యకు ఇవ్వకుండా రెండు మూడు విద్యలకు పంచడాన్నే మల్టీక్లాస్ అంటారు.

ఈ పాఠంలో లెక్కలన్నీ ప్రధానంగా 2014 పుస్తకం ప్రకారం వేశాం. 2024లో సవరించిన పుస్తకం వచ్చింది. మీ దగ్గర అదే ఉంటే కొన్ని వివరాలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

2. సమాసాలు ఒకసారి గుర్తు చేసుకుందాం

రెండు పదాలు కలిసి ఒకే పదమైతే సమాసం. కలిశాక ఎవరి మాట చెల్లుతుంది? దాన్నిబట్టే సమాసానికి పేరు పెడతాం.

‘అన్నదమ్ములు వచ్చారు’ అంటే అన్నా వచ్చాడు, తమ్ముడూ వచ్చాడు. రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం. ఇది ద్వంద్వ సమాసం.

‘రాజభటుడు వచ్చాడు’ అంటే వచ్చింది భటుడే, రాజు కాదు. రెండో పదానిదే ప్రాధాన్యం, మొదటిది దానికి తోడు. ఇది తత్పురుష సమాసం.

‘ముక్కంటి’ అంటే మూడూ కాదు, కన్నూ కాదు. మూడు కన్నులు గలవాడు, అంటే శివుడు. రెండు పదాలూ కలిసి తమకు వేరైన మూడో అర్థాన్ని చూపించాయి. ఇది బహువ్రీహి.

ఈ మూడింటినీ మనసులో పెట్టుకోండి. మన వీరుణ్ణి తయారుచేసేటప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా ఇదే: ఇందులో ఎవరిది ప్రాధాన్యం?

3. ఆటవాళ్లు దీన్ని ఎలా తూచారు?

రెండు విద్యల వీరుడికి రెండు రెట్ల బలం వస్తే, ఒకే విద్య నేర్చినవాడు వెలవెలబోతాడు. అలాగని మరీ బిగించి కట్టేస్తే రెండు విద్యలు ఎవరూ నేర్వరు. ఈ త్రాసును సరిచేయడానికి ఆట తయారుచేసేవాళ్లు పలుమార్లు ప్రయత్నించారు.

1978 ఆటగాళ్ల పుస్తకంలో ఎల్ఫ్‌ల వంటి మానవేతర జాతులవాళ్లకు ఒక పద్ధతి. వచ్చిన అనుభవాన్ని రెండు విద్యలకూ చెరి సగం పంచాలి. సగం అంటే చాలా తగ్గిపోతారని అనిపిస్తుంది కదా? కాదు. అప్పట్లో ఫైటర్ తొలి లెవెళ్లకు కావలసిన పాయింట్లు సుమారుగా 2,000, 4,000, 8,000, 18,000, 35,000, 70,000. దాదాపు ప్రతిసారీ రెట్టింపు. రెట్టింపయ్యే వరుసలో సగం పాయింట్లు ఉన్నాయంటే ఒక్క మెట్టు వెనకబడ్డట్టే! ఒక్క మెట్టు వదులుకుంటే రెండో విద్య మొత్తం వచ్చినట్టు. అందుకే ఆ జాతులకు చాలా క్లాసుల్లో పై లెవెళ్లకు హద్దు పెట్టి త్రాసును సరిచేశారు.

మనుషులకు వేరే పద్ధతి. పాత విద్య ఆపేసి, కొత్త విద్యను ఒకటో లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. కొత్తది పాతదాన్ని దాటేదాకా పాత విద్యను వాడితే ఆ సాహసంలో అనుభవం దక్కదు. పదేళ్లు కత్తి తిప్పినవాడు కూడా కత్తి వాడకూడదు, వాడితే నష్టం. బదిలీ మీద కొత్త బడికి వెళ్లిన మొదటి నెలలు మీకు గుర్తొచ్చే ఉంటాయి. ఆ సంగతికి చివర్లో వద్దాం.

2000లో వచ్చిన మూడో కూర్పు తలుపులు తెరిచేసింది. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఏ విద్యలోనైనా ఒక మెట్టు ఎక్కవచ్చు. విద్యల మధ్య రెండు మెట్లు, అంతకు మించి తేడా వస్తే అనుభవంలో 20 శాతం కోత ఉండేది, జాతిని బట్టి కొన్ని మినహాయింపులూ ఉండేవి. దాంతో కొందరు పెళ్లి బఫేలో ప్రతి గిన్నెలోంచీ ఒక్కో గరిటె వడ్డించుకున్నట్టు, ప్రతి క్లాస్ మొదటి లెవెల్‌లో దొరికే మంచివన్నీ ఏరుకునేవారు.

2014 కూర్పు ఈ అనుభవాలన్నీ చూసి ఇంకో దారి పట్టింది. అనుభవంలో కోత లేదు, పాత విద్య దాచుకోనక్కర్లేదు. కానీ ప్రతి లెవెల్‌కూ ధర మొత్తం లెవెల్ ప్రకారమే. విజర్డ్ ఒకటో మెట్టే అయినా, అది మీ తొమ్మిదో లెవెల్ అయితే తొమ్మిదో లెవెల్ ధర కట్టాలి. అసలు మల్టీక్లాస్ అన్నదే ఐచ్ఛికం. డంజన్ మాస్టర్ ఒప్పుకుంటేనే.

4. ఐదు నియమాలు

ఒకటి, అర్హత. వీరుడికి ఆరు గుణాలుంటాయి: బలం, చురుకుదనం, దారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. ఒక్కో దానికి ఒక అంకె. మల్టీక్లాస్ చేయాలంటే పాత విద్యకూ కొత్త విద్యకూ ముఖ్యమైన గుణాలు కనీసం 13 ఉండాలి. ఫైటర్‌కి బలం గాని చురుకుదనం గాని, విజర్డ్‌కి తెలివి, సోర్సరర్‌కి ఆకర్షణ. పాలడిన్‌కి బలం, ఆకర్షణ రెండూ.

రెండు, మొదటి క్లాస్‌కి ప్రత్యేక స్థానం. ఆపదల్ని తట్టుకునే వేటులను సేవింగ్ త్రో అంటారు. వాటిలో నైపుణ్యం మొదటి క్లాస్ నుంచే వస్తుంది, తర్వాత చేరినవాటి నుంచి రాదు. కవచాలు, ఆయుధాలు కూడా మొదటి క్లాస్‌లోనే పూర్తిగా దొరుకుతాయి. ఫైటర్‌గా మొదలుపెడితే భారీ కవచం వేసుకోవచ్చు. తర్వాత ఫైటర్ అయితే మధ్యరకం కవచం దగ్గరే ఆగిపోవాలి.

మూడు, నైపుణ్య బోనస్. అలవాటైన పనులన్నిటికీ పాచిక అంకెకు కలిపే సంఖ్య ఇది. 1 నుంచి 4 లెవెళ్ల దాకా 2, 5 నుంచి 8 దాకా 3. అలా పెరుగుతూ 17వ లెవెల్‌కి 6 అవుతుంది. ఇది మొత్తం లెవెల్‌ని బట్టే వస్తుంది. లెవెళ్లను ఎన్ని విద్యలకు పంచినా తగ్గదు.

నాలుగు, గుణాలు పెంచుకునే అవకాశం. ఇది మొత్తం లెవెల్‌ని బట్టి కాదు, ఒక్కో క్లాస్‌లో 4, 8, 12 లాంటి మెట్లు ఎక్కితేనే వస్తుంది. ఫైటర్‌కి 6లో కూడా ఒకటి అదనం. మూడో మెట్టు దగ్గర ఆగినవాడికి ఇది లేదు.

ఐదు, మంత్రపు స్లాట్లు. స్లాట్ అంటే మంత్రం వేయడానికి ఖర్చయ్యే శక్తి. విజర్డ్, సోర్సరర్, క్లెరిక్ లెవెళ్లను పూర్తిగా లెక్కించాలి. పాలడిన్ లెవెళ్లలో సగమే, మిగులు వదిలేయాలి. అన్నీ కూడితే వచ్చిన సంఖ్యకు ఎన్ని స్లాట్లో పట్టికలో ఉంటుంది. కానీ ఏ మంత్రాలు నేర్చుకోవచ్చన్నది మాత్రం ఏ క్లాస్‌కి ఆ క్లాస్‌గానే చూడాలి.

5. లెక్క వేద్దాం: చెరి సగం వీరుడు

ముగ్గురు స్నేహితులు ఒకే రోజున ఆట మొదలుపెట్టారనుకుందాం. మొదటివాడు ఫైటర్. రెండోవాడు విజర్డ్. మూడోవాడు ‘నాకు రెండూ కావాలి’ అని ఒకసారి ఫైటర్‌లో ఒక మెట్టు, ఇంకోసారి విజర్డ్‌లో ఒక మెట్టు ఎక్కుతూ పోయాడు. ముగ్గురి దారుఢ్యం 14.

ఐదో లెవెల్ చూడండి. దానికి 6,500 పాయింట్లు కావాలి. ఈ ఆటలో ఐదో లెవెల్ ఒక పెద్ద గడప. ఫైటర్‌కి అక్కడ ఒకే వంతులో రెండు దెబ్బలు కొట్టే శక్తి వస్తుంది. అంతవరకూ ఒక్కటే. విజర్డ్‌కి మూడో స్థాయి మంత్రాలు వస్తాయి. ‘ఫైర్‌బాల్’ అందులోదే. ఎనిమిది ఆరు ముఖాల పాచికలు వేసి అన్నీ కూడాలి, సగటున 28. గదిలో గుంపుగా ఉన్న శత్రువులందరి మీదా ఒకేసారి పడుతుంది.

మరి మన మూడోవాడు? ఫైటర్ 3, విజర్డ్ 2. ఒకే దెబ్బ. మొదటి స్థాయి మంత్రాలకు మూడు స్లాట్లు. ఫైర్‌బాల్ లేదు.

ఎనిమిదో లెవెల్‌కి 34,000 పాయింట్లు. మొదటివాడికి రెండు దెబ్బలు, గుణాలు పెంచుకునే అవకాశాలు మూడు వచ్చేశాయి. రెండోవాడు నాలుగో స్థాయి మంత్రాలు వేస్తున్నాడు. మూడోవాడు ఫైటర్ 4, విజర్డ్ 4. ఇప్పటికీ ఒకే దెబ్బ, రెండో స్థాయి మంత్రాలు. రెండు గడపల ముందూ నిలబడ్డాడు, ఒక్కటీ దాటలేదు.

తొమ్మిదో లెవెల్‌లో, అంటే 48,000 పాయింట్ల దగ్గర, ఒక గడప దాటుతాడు. పదిలో, 64,000 దగ్గర, రెండోది.

అంటే 6,500 నుంచి 48,000 దాకా, ఆటలో అంత పొడుగునా, అతను కత్తిలో మొదటివాడి వెనక, మంత్రంలో రెండోవాడి వెనక. రెంటికీ చెడ్డ రేవడి అని మన పెద్దలు అనేది ఇలాంటి స్థితినే. అతను తక్కువ కష్టపడలేదు. ముగ్గురూ సంపాదించిన పాయింట్లు సమానమే. తేడా పంచుకున్న తీరులో ఉంది.

ఇప్పుడు అసలు విషయం. అదే మూడోవాడు ముందు ఫైటర్‌గా ఐదు మెట్లూ వరసగా ఎక్కి, ఆ తర్వాత విజర్డ్ ఐదు మెట్లు ఎక్కితే? పదో లెవెల్‌కి వచ్చేసరికి అదే ఫైటర్ 5, విజర్డ్ 5. అవే మంత్రాలు, అవే దెబ్బలు, ప్రాణబలం కూడా అదే 74. కానీ దారిలో ఐదో లెవెల్‌కే రెండు దెబ్బలు చేతికొచ్చాయి. అక్కణ్ణుంచి మంత్రాలు మెల్లగా చేరుతూ వచ్చాయి. రెండు గడపల ముందూ నిలబడిపోయిన రోజు ఒక్కటీ లేదు.

చేరిన చోటు ఒక్కటే అయినా నడిచిన దారి వేరు. సమతూకం అంటే రోజూ చెరి సగం తూచడం కాదు. ఒక గడప దాటి, ఆ తర్వాత రెండో గడప వైపు నడవడం. ద్వంద్వ సమాసంలో కూడా రెండు పదాలకూ సమాన ప్రాధాన్యమే, అయినా ఒక పదాన్ని పూర్తిగా పలికాకే రెండోది పలుకుతాం. ‘అదన్నమ్ములు’ అనం కదా!

6. తత్పురుష వీరుడు

అందరికీ ద్వంద్వం అక్కర్లేదు. ఒక విద్యే ప్రధానంగా ఉండి, రెండోది దానికి తోడుగా ఉంటే తత్పురుష.

ఫైటర్‌గా ఒక్క లెవెల్ మొదలుపెట్టి, మిగతా అంతా విజర్డ్ అయినవాణ్ణి చూద్దాం. పదో లెవెల్‌కి ఫైటర్ 1, విజర్డ్ 9. ప్రాణబలం 66, ఒట్టి విజర్డ్‌కి 62. తేడా చిన్నదే. కానీ ఒట్టి విజర్డ్, చురుకుదనం 14 ఉంటే, కవచమేమీ లేకుండా రక్షణ అంకె 12 దగ్గర ఉంటాడు. రక్షణ మంత్రం వేసుకుంటే 15. మనవాడు గొలుసు కవచం, డాలు పట్టుకుని 18. ఇంకో లాభం, ఫైటర్‌గా మొదలైనందువల్ల దారుఢ్యపు సేవింగ్ త్రోలో నైపుణ్యం ఉంది. కొన్ని మంత్రాలను ఏకాగ్రతతో నిలుపుకోవాలి. దెబ్బ తగిలినప్పుడు ఆ ఏకాగ్రత చెదరకుండా కాపాడేది ఈ త్రోనే.

ధర ఎంత? ప్రతి మంత్రస్థాయీ ఒక లెవెల్ ఆలస్యం. ఫైర్‌బాల్ 6,500 దగ్గర కాక 14,000 దగ్గర వస్తుంది. అన్నిటికన్నా పెద్దదైన తొమ్మిదో స్థాయి మంత్రం 2,25,000 దగ్గర కాక 2,65,000 దగ్గర. విజర్డ్ ఇరవయ్యో మెట్టు మీద దొరికే చివరి వరం ఎన్నటికీ రాదు. ఈ ధర కట్టవచ్చా అంటే, మీ వీరుడు ముందు వరసలో దెబ్బలు తినేవాడైతే కట్టవచ్చు. ఎప్పుడూ వెనక నిలబడి మంత్రాలు వేసేవాడైతే ఆ కవచం బరువే మిగులుతుంది.

7. బహువ్రీహి వీరుడు

కొన్ని జంటలు కలిస్తే రెండింటిలోనూ లేని మూడో శక్తి పుడుతుంది. పాలడిన్, సోర్సరర్ జంటను ఆటగాళ్లు ఇష్టపడేది అందుకే.

మొదటి లాభం, ఇద్దరికీ ఆకర్షణే ముఖ్యం. ఒకే బావిలో ఇద్దరూ నీళ్లు తోడుకున్నట్టు. ఫైటర్, విజర్డ్ అయితే బలానికీ తెలివికీ వేరువేరుగా ఖర్చు పెట్టాలి.

రెండో లాభం, పాలడిన్‌కి రెండో మెట్టు మీద ‘డివైన్ స్మైట్’ అనే విద్య వస్తుంది. కత్తి దెబ్బ తగిలాక ఒక స్లాట్ ఖర్చు పెడితే అదనపు దెబ్బ. మొదటి స్థాయి స్లాట్‌కి రెండు ఎనిమిది ముఖాల పాచికలు. స్థాయి పెరిగేకొద్దీ ఒక్కో పాచిక ఎక్కువ, నాలుగో స్థాయికి ఐదు. ఆ స్లాట్ పాలడిన్‌గా వచ్చిందా, సోర్సరర్‌గా వచ్చిందా అని ఎవరూ అడగరు.

పదో లెవెల్‌లో పాలడిన్ 6, సోర్సరర్ 4 అనుకోండి. 6లో సగం 3, దానికి 4 కలిపితే 7. పట్టికలో 7కి స్లాట్లు: మొదటి స్థాయివి 4, రెండోవి 3, మూడోవి 3, నాలుగోది 1. మొత్తం 11. ఒట్టి పాలడిన్ పదో లెవెల్‌లో ఉంటే 4, 3, 2, మొత్తం 9. అందులో నాలుగో స్థాయిది లేనేలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, గమనించండి. ఇతనికి నాలుగో స్థాయి స్లాట్ ఉంది గాని నాలుగో స్థాయి మంత్రం ఒక్కటీ రాదు. సోర్సరర్ 4కీ పాలడిన్ 6కీ రెండో స్థాయి మంత్రాల వరకే తెలుసు. గిన్నె పెద్దదే, వంటే చిన్నది. ఆ గిన్నెను చిన్న మంత్రాన్ని పెద్దగా వేయడానికో, స్మైట్‌కో వాడుకోవాలి. ఒట్టి సోర్సరర్ అయితే ఈపాటికి ఐదో స్థాయి మంత్రాలు వేస్తుంటాడు. బహువ్రీహి వీరుడు మంత్రాల్లో సోర్సరర్‌తో పోటీపడకూడదు. తనకంటూ ఉన్న మూడో అర్థాన్నే నమ్ముకోవాలి.

8. పొసగని జంటలు

తెలుగు పదాన్నీ సంస్కృత పదాన్నీ పొసగని రీతిలో సంస్కృత పద్ధతిన ముడివేస్తే వైరి సమాసం అంటారు. ఆటలో కూడా అలాంటివి ఉన్నాయి. బార్బేరియన్ బలమంతా అతని ఆవేశంలో ఉంది. ఆవేశంలో ఉన్నంతసేపూ మంత్రం వేయకూడదు, ఏకాగ్రత నిలవదు. అతనికి విజర్డ్ విద్య చేరిస్తే ఒకటి పనిచేస్తుంటే రెండోది ముడుచుకు కూర్చోవాలి.

ఇంకో దోషం పునరుక్తి, చెప్పిందే చెప్పడం. ఫైటర్ ఐదో మెట్టు మీద రెండు దెబ్బలు వస్తాయి. పాలడిన్ ఐదో మెట్టు మీద కూడా అదే వస్తుంది. ఫైటర్ 5, పాలడిన్ 5 అయితే మూడు దెబ్బలో నాలుగు దెబ్బలో రావు. రెండే. ఒక గడప దాటిన ఫలం వృథా. బార్బేరియన్‌కీ మాంక్‌కీ కవచం లేకుండా కాపాడుకునే విద్యలు ఉన్నాయి, అవీ అంతే. మొదట వచ్చిన ఒక్కటే పనిచేస్తుంది.

9. తూచవలసింది ఒక్కణ్ణే కాదు

ఈ ఆట ఒంటరిగా ఆడేది కాదు. మీ జట్టులో ఇప్పటికే మంచి విజర్డ్ ఉంటే సగం విజర్డ్ అవసరం పెద్దగా ఉండదు. అతను వేసే ప్రతి మంత్రాన్నీ పక్కవాడు ముందే, పెద్దగా వేసి ఉంటాడు. జట్టులో ఇద్దరే ఉంటే మాత్రం రెండు విద్యల వీరుడే దిక్కు. గాయం మాన్పేవాడు లేని జట్టులో క్లెరిక్ మెట్టు ఒక్కటి ఎక్కినా ప్రాణాలు నిలబడతాయి. కాబట్టి ‘ఏది బలమైన జంట?’ అని ముందే అడగకండి. ‘మా జట్టులో ఏది లేదు?’ అని అడిగాక జంట వెతకండి.

10. ఇక మన సంగతి

మీలో చాలామంది పుట్టు మల్టీక్లాస్ వీరులు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, క్వార్టర్స్ బయట ఒడియానో, అస్సామీయో, మరాఠీయో. అమ్మకో నాన్నకో బదిలీ అయితే ఇంకో లిపి, ఇంకో యాస. మేము ఏ ఊరి బడికి వెళ్లినా పిల్లల నోట వినే మాట ఒకటుంది: ‘‘అన్నీ కొంచెం కొంచెం వచ్చు, ఏదీ పూర్తిగా రాదు.’’ వినేటప్పుడల్లా మాకు ఫైటర్ 4, విజర్డ్ 4 వీరుడు కళ్లముందు కనిపిస్తాడు. శ్రమ తక్కువై కాదు, గడపకు ఒక్క మెట్టు ముందు ఆగిపోయి.

భాషకూ ఒక ఐదో లెవెల్ ఉంది. గుణింతాలూ ఒత్తులూ కూడబలుక్కోకుండా ఒక పేజీ కథ చదివి, తర్వాత ఏమైందా అని మీ అంతట మీరు పేజీ తిప్పడం. అంతవరకూ చదవడం కష్టం. ఆ తర్వాత కథే మిమ్మల్ని లాక్కెళుతుంది. తెలుగులో నాలుగో మెట్టు దగ్గర ఉన్నవాళ్లు ఇంకొక్క మెట్టు ఎక్కాకే వదలండి. ఏ భాషైనా అంతే. ఈ ఏడాది ఒక్క భాషను గడప దాటిద్దామని అనుకోండి, అన్నిటినీ ఒకేసారి కాదు.

పోలిక అన్నిచోట్లా సరిపోదు, అదీ చెప్పాలి. ఆటలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో ఆటగాడి ఇష్టం. బదిలీ ఉత్తర్వు మనల్ని అడిగి రాదు. ఆటలో 20 దగ్గర హద్దుంది, భాషలకు అలాంటి హద్దు లేదు. పైగా ఒక భాష ఇంకో భాషకు చేయందిస్తుంది. హిందీలో ‘విద్యాలయ్’ తెలిసినవాడికి తెలుగు ‘విద్యాలయం’ సగం వచ్చినట్టే. కానీ ఆటలో సంపాదించిన లెవెల్ తుప్పు పట్టదు. భాష పడుతుంది. వదిలి వచ్చిన ఊరి భాషలో నెలకొక ఉత్తరమో, ఫోను మాటో లేకపోతే రెండేళ్లలో మెట్లు జారిపోతాయి.

కొత్త బడిలో పేరు పలకడం దగ్గర నుంచీ మళ్లీ ఒకటో లెవెల్ అయినట్టు అనిపిస్తుంది. పాత బడిలో వచ్చినవన్నీ దాచుకోవాలనిపిస్తుంది. అది 1978 నియమం. మేము మాత్రం 2014 నియమం పక్షం. నైపుణ్య బోనస్ మొత్తం లెవెల్‌ని బట్టే వస్తుంది. ఎన్ని ఊళ్లు మారినా, ఎన్ని లిపులు నేర్చినా మీరు నడిచిన దూరమంతా లెక్కలోకి వస్తుంది. ఆపదల్ని తట్టుకునే బలం మాత్రం మొదటి క్లాస్‌ది. అది ఇంటి భాష. దాన్ని వదలకండి.

అభ్యాసం

1. ఒక వీరుడికి బలం 12, చురుకుదనం 14, తెలివి 13. అతను ఫైటర్, విజర్డ్ రెండూ కాగలడా?

2. గుణాలు కొనడానికి 27 పాయింట్లు ఇస్తారు. ప్రతి గుణం 8 దగ్గర మొదలవుతుంది. 13కి పెంచడానికి 5 పాయింట్లు, 14కి 7, 15కి 9. క్లెరిక్‌కి వివేకం, విజర్డ్‌కి తెలివి, పాలడిన్‌కి బలం, ఆకర్షణ 13 ఉండాలి. ఈ మూడూ కలిపినవాడికి ఎన్ని పాయింట్లు మిగులుతాయి? దాంతో దారుఢ్యం ఎంతకు పెంచగలడు?

3. క్లెరిక్ 3, విజర్డ్ 4, పాలడిన్ 3 అయిన వీరుడికి స్లాట్ల పట్టికలో ఏ సంఖ్య చూడాలి?

4. అక్కాచెల్లెళ్లు, దొంగభయం, చక్రపాణి. ఇవి ఏ సమాసాలు? ప్రతిదానికీ సరిపోయే వీరుణ్ణి తయారుచేయండి.

5. మీకు వచ్చిన భాషలన్నీ రాయండి. ఒక్కోదానికి ఎదురుగా మీరు ఏ మెట్టు మీద ఉన్నారో నిజాయితీగా వేయండి. ఈ ఏడాది గడప దాటించే భాష కింద గీత గీయండి.

జవాబులు: 1. కాగలడు, చురుకుదనం 13 దాటింది కాబట్టి బలం అక్కర్లేదు. 2. నాలుగు గుణాలకు 20 పోగా 7 మిగులుతాయి, దారుఢ్యం 14. అన్నీ కావాలన్నందుకు ఏ గుణమూ 14 దాటలేదు, గమనించండి. 3. 3, 4, ఇంకా 3లో సగం మిగులు వదిలేస్తే 1. మొత్తం 8. 4. ద్వంద్వం, తత్పురుష, బహువ్రీహి. వీరులు మీ ఇష్టం. 5. దీనికి జవాబు మీ దగ్గరే ఉంది.